తెల్లపొడి రాల్చని గుత్తి

సహోదరులారా, నా భార్య ఊపిరిని నా గౌరవమే ఆపబోయింది. ఆ సంగతి మీ ముందు దాచను.

గుడియాత్తంలో మా ఇంటి పేరు చెబితే ఒకప్పుడు పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. పొలాలు పోయాయి, వీపు మాత్రం వంగలేదు. ఈ ప్రార్థన మందిరంలో అందరూ చాపల మీద కూర్చుంటే మా ఇంటి మగవాళ్ళకు ముందు వరసలో కుర్చీ ఉండేది. తాత, నాన్న, నేను, ఎవరమూ మోకరించలేదు, నిలబడే ప్రార్థించాం. వీధివీధికీ ఎస్టీడీ బూత్‌లు వస్తున్న ఆ రోజుల్లో, కాట్పాడి నుంచి బెంగళూరు రైలుకు పుట్టగొడుగుల బుట్టలు పోతున్నాయని విని, పెరటిలోని ధాన్యపు కొట్టులో గడ్డి సంచులు వేలాడదీసి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచాను. అంతటితో ఆగక, రెండు రకాలను సీసాల్లో జతకలిపి ఇంకా మేలైన రకాన్ని పుట్టించాలని పూనుకున్నాను. ఆ గదే మా అన్నం. కానీ కూలివాడిలా గడ్డి తొక్కే నన్ను వీధి చూడకూడదని కిటికీలన్నీ మూసేశాను! అడిగినవాళ్ళకు తేమ నిలవాలని చెప్పాను.

ఆ గది ఒక కలలా ఉండేది. పొద్దున్నే పెంకుల సందులోంచి ఎండ దిగితే, గొడుగుల కింది నుంచి వాటి విత్తనం లాంటి తెల్లటి పొడి పొగలా లేచి ఆ వెలుగులో మెల్లగా తిరిగేది, నేను మంచులో నిలబడ్డట్టు మైమరచి చూస్తూ ఉండిపోయేవాణ్ణి. ఆ మూసిన గదిలో నాతోపాటు గుత్తులు కోసే నా భార్య కరుణమ్మ ఊపిరితిత్తుల్లోకి ఆ పొడే దిగుతోందని తెలియలేదు.

దగ్గు ఆయాసమైంది. వేలూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఇంట్లో దుమ్ము, పొడి ఏమైనా ఉందా అని అడిగింది.

"మాది పెద్దిల్లు తల్లీ, దుమ్ము యాడ ఉండాది?" అన్నాను.

కరుణమ్మ రొప్పుతూనే నవ్వింది. "యాడికి పోయినా ఈయప్ప గౌరవం ముందర పోతాది, నేను ఎనకాల దగ్గుకుంటా వస్తా ఉండాను. ఆ పుట్టగొడుగుల పొడి సంగతి చెప్పయ్యా!"

డాక్టరమ్మ మందులిచ్చి, ఆ పొడి పీల్చడం ఆగకపోతే మనిషి దక్కదని చెప్పింది.

ఇంటికొచ్చి కిటికీలు తెరిచాను. వీధి చూసింది. సంచులన్నీ పారేయాలని వంగి, ఆ గడ్డి మీదే మొదటిసారి మోకరించాను. "ప్రభువా, నా కుర్చీ తీసుకో, ఆమె ఊపిరి నాకియ్యి" అని ఏడ్చాను. కళ్ళు తెరిస్తే, మోకాళ్ళ ఎత్తులో, నేను జతకలిపినవాటిలోదే, అందంగా లేదని నేనే మూలకు నెట్టేసిన ఒక సంచి బూడిదరంగు గుత్తి వేసి ఉంది. నేల మీద పరిచిన నల్ల ప్లాస్టిక్ పట్టా అంతా రాలిన పొడితో పిండి చల్లినట్టుంటే, ఆ గుత్తి కింద మాత్రం తుడిచినట్టు నల్లగా ఉంది! నిలబడి చూసినన్నాళ్ళూ అది నాకు కనబడలేదు, సహోదరులారా!

ఆ గొడుగు లోపలి కండను తుంచి సీసాలో పెంచాను. మూడు కాపులు చూశాను, పొడి రాలక పట్టా నల్లగానే ఉంది. తక్కిన రకాలన్నీ పారేశాను. కరుణమ్మ ఈ ఉదయం పాట ఎత్తుకుంటే మీరంతా విన్నారు. దేవునికే మహిమ!

ముందు వరసలో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మోకాళ్ళు మడవలేని పెద్దలెవరైనా వచ్చి కూర్చోండి. నాలాగా కిటికీలు మూసుకున్నవాళ్ళు ఉంటే ఇటు రండి, ఈ చాప మీద నా పక్కన చోటుంది.