పెరిగితే గారు

అపార్ట్‌మెంట్లు కట్టడానికి అప్పు అడిగే బిల్డర్ల లెక్కలు నిగ్గు తేల్చడం బ్యాంకులో ఆయన ఉద్యోగం. ఎంత అందమైన ప్లాను ముందు పరిచినా, కళ్లజోడు తుడుచుకుని ఒక్కటే అడిగేవారు: "సిమెంటు ధర ఇంకా పెరిగితే?" నీళ్లు నమిలినవాడి ఫైలు అటకెక్కినట్టే. అందుకే బిల్డర్లు ఆయనకు 'పెరిగితే గారు' అని పేరు పెట్టారు.

ఇంట్లో మాత్రం ఆయన వరస వేరు. మేడ మీద ఒక గది వేయించమని భార్య అడిగినప్పుడల్లా "ధరలు కాస్త తగ్గనీ" అని దాటేసేవారు. ఆ గది అత్తగారి కోసమని ఆయనకు తెలుసు. ఇనుము ధర పెరిగిందని పేపర్లో చూసిన రోజు ఆయన మొహం వెలిగిపోయేది.

ఒక ఆదివారం పొద్దున భార్య కాఫీ అందిస్తూ నింపాదిగా అడిగింది. "ధరలు తగ్గకపోతే?"

ఈసారి నీళ్లు నమలడం పెరిగితే గారి వంతయింది.

"పర్లేదులెండి. అమ్మ వచ్చే వారం వచ్చేస్తోంది. నాతోపాటు మన గదిలోనే పడుకుంటుంది. మీకు హాల్లో సోఫా ఉందిగా."

సాయంత్రానికల్లా మేస్త్రీ మేడెక్కి కొలతలు తీస్తున్నాడు. "సిమెంటు ఇంకా పెరిగేలా ఉందండీ. ఓ నెల ఆగి చూద్దామా?" అన్నాడు.

"పెరిగితే పెరగనీవయ్యా," అన్నారు పెరిగితే గారు. "నువ్వు ముందు ఇటుకలు దింపించు."