తల్లి నోట విన్న పేరు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి వారంలో, మండపేట దగ్గర సెక్టారు నాకు అప్పగించారు. సెక్టారంటే పాతిక వరకూ అంగన్‌వాడీ కేంద్రాలు. ఒక్కో కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. వాళ్ల పని చూసేది సూపర్‌వైజరు, అంటే నేను. నా పైన ప్రాజెక్టు అధికారి.

ఆ సెక్టారులో ఒక కేంద్రం కాలవ గట్టు మీది ఇటుకల బట్టీకి దగ్గర. కార్తీకం వెళ్లాక ఒడిశా నుంచి కుటుంబాలు ఆ బట్టీకి పనికి వస్తాయి, తొలకరికి ముందే వెళ్లిపోతాయి. కార్డు లేదని వలస పిల్లల్ని వెనక్కి పంపకూడదన్నది మా నిబంధన. మూడేళ్లు దాటిన వాళ్లని కేంద్రంలో కూర్చోబెట్టి అన్నం, గుడ్డు పెట్టాలి, ఆటపాటలు నేర్పాలి. ఆ యేడు బట్టీ మేస్త్రి పేర్ల జాబితా ఒకటి రాసిచ్చి, నలుగురు పిల్లల్ని తనే తెచ్చి దింపి వెళ్లాడు. తల్లులు తెల్లారకముందే మట్టిలో దిగుతారు కనుక మా టీచరు వాళ్లని చూడనే లేదు.

టీచరు పేరు వరలక్ష్మి. పని బాగా చేసే మనిషి. నేను మొదటిసారి తనిఖీకి వెళ్లిన రోజునే ఒక ఫారం నా ముందు పెట్టింది. బట్టీ నుంచి వచ్చిన నాలుగేళ్ల పాపకి వినికిడి లేదని, మాట రాదని అనుమానం; జిల్లా ఆసుపత్రికి పంపడానికి నా సంతకం కావాలి.

"మూడు వారాల నుంచి చూస్తున్నానండి మేడంగారు. సునీతా, సునీతా అని గొంతు పోయేలా పిలిచినా తల తిప్పదండి. గుడ్డు చేతిలో పెడితే అలా పట్టుకునే కూర్చుంటాది. పాపం, పుట్టు చెవుడేమోనండి."

పాప గోడ వారగా కూర్చుని ఉంది. నేను వెనక నుంచుని రెండుసార్లు పిలిచాను. కదల్లేదు. నిశ్శబ్దంగా ఉన్న చోట చప్పట్లు కొట్టి, గంట మోగించి చూడాలని మాకు శిక్షణలో చెప్పారు. ఆ గదిలో ఇరవై మంది పిల్లలు గొంతెత్తి పాట పాడుతున్నారు. నాకు ఇంకా మూడు కేంద్రాలు చూడాల్సి ఉంది. సంతకం పెట్టేశాను.

ఆ ఫారం మీద తల్లి వేలిముద్ర కూడా ఉండాలి. అందుకని పాపని వెంటబెట్టుకుని వరలక్ష్మీ నేనూ బట్టీకి నడిచాం.

తల్లి గొంతుక్కూర్చుని అచ్చులో మట్టి కొడుతోంది. కూతురి పక్కన ఇద్దరు కొత్త మనుషులు, ఒకరి చేతిలో కాగితం. అది చూసి ఆమె లేచి నుంచుంది, అడుగు ముందుకు పడలేదు. పాప ఆమెని చూడలేదు. ఇటుకలు ఎత్తుతున్న ట్రాక్టరు వైపు తిరిగి ఉంది. అంతలో మా వెనక, ఇటుకల వరస అవతల నుంచి, ఒక ముసలావిడ మామూలు గొంతుతో అంది: "మినతీ!"

పాప గిరుక్కున వెనక్కి తిరిగింది. వరలక్ష్మి చెయ్యి విదిలించుకుని ఆవిడ దగ్గరికి పరుగెత్తింది.

వరలక్ష్మి, నేను మొహమొహాలు చూసుకున్నాం.

ఆవిడ పాప నాయనమ్మ. చాలా యేళ్లుగా బట్టీలకి వస్తోంది కాబట్టి ముక్కలు ముక్కలుగా తెలుగు వచ్చు. మొదట అడిగింది ఒకటే: "పిల్లని ఎక్కడ తీస్కుపోతావమ్మా? ఏం తప్పు చేసింది?" ఎక్కడికీ తీసుకుపోవడం లేదని చెప్పి, కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. అప్పుడు గాని తల్లి దగ్గరికి రాలేదు.

"ఈ పిల్ల పేరు మినతా? మరి సునీత ఎవరండీ?" అంది వరలక్ష్మి.

"సునీత పోయిన ఏడు వచ్చింది. ఈ ఏడు వాళ్లు రాలే."

మేస్త్రి పాత జాబితానే మళ్లీ రాసిచ్చాడు. మూడు వారాలుగా ఆ పాపని మేము పిలిచింది వేరే పిల్ల పేరుతో, వేరే భాషలో.

ఈలోగా పాప తల్లి మోకాళ్ల మధ్య చేరి గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఏమంటోందని అడిగాను. నాయనమ్మ కాసేపు విని చెప్పింది: "ఆ బడిలో అందర్నీ పిలుస్తారంట. తనని ఎవరూ పిలవరంట."

వరలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరిగి వస్తుంటే దారిలో, "నా వల్లేనండి ఇదంతా" అంది. సంతకం నాదని చెప్పాను. అది నిజం కూడా.

సాయంత్రం ప్రాజెక్టు అధికారికి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. మందలిస్తారనుకున్నాను. ఆయన, "ఫారం ఆసుపత్రికి పంపలేదు కదండీ?" అన్నారు. లేదన్నాను. "చింపకండి. అడ్డంగా రద్దు అని రాసి, కారణం రాసి ఫైల్లో పెట్టండి. చెవులు మాత్రం ఏఎన్ఎం నర్సుకి ఓసారి చూపించండి." ఫోను పెట్టేసి ఆయన చెప్పినట్టే రాశాను. ఆ ఫారం ముందుకు వెళ్లి ఉంటే, ఒక చక్కటి పిల్ల చెవిటిదిగా రికార్డులోకెక్కేది.

ఏఎన్ఎం చూసింది. చెవులు శుభ్రంగా ఉన్నాయి, గుసగుసగా చెప్పినా వింటోంది. మర్నాటి నుంచి నాలుగు రోజులు నాయనమ్మ పొద్దున్నపూట కేంద్రంలో వచ్చి కూర్చునేలా బట్టీ యజమానిని ఒప్పించాను. రా, తిను, నీళ్లు, అమ్మ వస్తుంది లాంటి మాటలు ఆవిడ ఒడియాలో చెబితే, వరలక్ష్మి ఒక అట్ట మీద తెలుగు అక్షరాల్లో రాసి గోడకి తగిలించింది. మొదటి రోజే గుడ్డు ఒలిచి, తినమని "మినతీ, ఖా" అంది. పాప ఆమె మొహంలోకి చూసి, గుడ్డంతా తిని, చెయ్యి చాపింది. వరలక్ష్మి ఇంకోటి ఒలిచింది. రోజుకి ఒక గుడ్డే పెట్టాలని లెక్క. నేను గోడమీది అట్ట వైపు తిరిగి చదువుకున్నాను.

మిగతా ముగ్గురు పిల్లల పేర్లూ సరిచూశాం. వాటిలో ఇంకొకటి తప్పు.

మే నెలాఖరున వాళ్లు వెళ్లేటప్పటికి మినతి బరువు ఎదుగుదల పట్టికలో తక్కువ బరువుని చూపే పసుపు గీత దాటి ఆకుపచ్చలోకి వచ్చింది. అప్పటికి తెలుగులో పోట్లాడుతోంది కూడా.

పిల్లలో లోపం ఉందని రాసే ముందు, మన పద్ధతిలో లోపం లేదని తేల్చుకోవాలి. పరీక్ష పిల్లకి తెలిసిన పేరుతో, తెలిసిన మాటతో జరగాలి. పని వత్తిడి సాకు కాదు. ఆ తర్వాత నేను రిటైరయ్యే వరకూ, నా సెక్టారులో కొత్తగా వచ్చిన ఏ పిల్ల పేరూ తల్లి నోట వినకుండా రిజిస్టరులో ఎక్కించనివ్వలేదు.