పెద్దోడి ముఖం

మా పక్క దుకాణం ఫోటో అన్న నిద్రలోనే పోయాడట. పొద్దున షట్టర్ ఎత్తుతుంటే టీ కొట్టు ఆవిడ చెప్పింది. ఆవిడ మీద కోప్పడ్డాను కూడా. నిన్న సాయంత్రమే కదా నా గాజుల దుకాణం ముందు నిలబడి, "ఏంది చెల్లే, మొహం అట్ల మాడ్చుకున్నవ్, ఫోటో తీయాల్నా?" అన్నాడు! మనిషి అలా ఎలా పోతాడు?

మా దోర్నపాల్ సంతకు వచ్చినవాళ్లు రేషన్ కార్డు ఫోటో కోసం అన్న దగ్గరికి వెళితే, ఐదు నిమిషాల పనికి అరగంట చేసేవాడు. "నవ్వు" అని ఎవరికీ చెప్పలేదు. "ఈ ఫోటో ఎవలు చూడాల్నని ఉంది నీకు?" అని అడిగేవాడు. ఆ మనిషిని తలచుకోగానే ముఖం మారుతుంది చూడండి, అప్పుడు నొక్కేవాడు. వాళ్లను ఊళ్లకు తీసుకెళ్లే జీపు బయట హారన్ కొడుతున్నా సరే. నాకు ఒళ్లు మండేది. "ముఖంల కత ఉంటది చెల్లే, నేను బయటికి పిలుస్తా, అంతే" అనేవాడు.

పోయినవాళ్ల ముఖాలు కూడా కంప్యూటర్‌లో గీసేవాడు. ఒకసారి జగర్గుండా వైపు నుంచి ఒక తల్లి చిన్న కొడుకుతో వచ్చింది. పెద్ద కొడుకు జ్వరంతో పోయాడు. ఊళ్లు తగలబెట్టిన గడబడ రోజుల్లో ఇల్లు కాలిపోయింది కాబట్టి ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. "వాని ముఖం నాకే మరుపొస్తాంది" అని ఏడ్చింది. అన్నకు గోండీ అంతంత మాత్రం, మధ్యలో నేను తెలుగు చేసి చెప్పాను. ఆయన ఇద్దరినీ కూచోబెట్టి ఫోటోలు తీశాడు. తల్లి ముక్కు, తమ్ముడి దవడ, కళ్లు కలిపి, ఆమె చెప్పిన గుర్తులు దిద్ది, తర్వాతి సంతకి ఫ్రేము కట్టి ఉంచాడు.

తల్లి బంతిపూల దండతో వచ్చింది. ఫ్రేము చూసి తమ్ముడు బిగుసుకుపోయాడు. "ఇది నేను!" అని అరిచాడు. నిజమే, అచ్చం వాడే. బతికున్న మనిషి ఫోటోకి దండ పడితే ఇంకేమన్నా ఉందా! నేలకేసి కొట్టడానికి ఫ్రేమును రెండు చేతులా పైకెత్తాడు. తల్లి దండను వెనక్కి దాచుకుంది. ఉన్న కొడుకు కోసం భయపడాలో, పోయినవాడు మళ్లీ పోతున్నాడని ఏడవాలో తెలియక నిలబడిపోయింది.

ఫోటో అన్న చేయి అడ్డం పెట్టలేదు. "తప్పు నాదే. నీ కళ్లు అట్లనే ఉంచిన" అన్నాడు. "కొడ్తే కొట్టు. గని ఒక్కటి చెప్పు. మీ అన్న నిన్ను తిట్టేటప్పుడు ఎట్ల చూస్తుండె?" అని అడిగాడు. ఆ మాట నేను గోండీలో చెప్పాను.

ఫ్రేము గాల్లోనే ఉంది. వాడు "తిట్టకపోతుండె" అన్నాడు. "ఒక కన్ను చిన్నగ చేసి చూస్తుండె, నవ్వు ఆపుకుంట." చేసి చూపించాడు కూడా.

అన్న వెంటనే స్క్రీన్ ముందు కూచున్నాడు. చిన్నదైన కన్ను, కొంచెం లేచిన కనుబొమ్మ, పెదవి చివర దాచుకున్న నవ్వు. ఆ పిల్లవాడు ఫ్రేమును బల్ల మీద పెట్టేసి, వెనక నిలబడి "ఇంకా, ఇంకా" అంటున్నాడు. హఠాత్తుగా "ఆగు!" అన్నాడు. తర్వాత మెల్లగా "దాదా" అని స్క్రీన్ మీది తన అన్నను పిలిచాడు.

తల్లి స్క్రీన్ మీద చేయి పెట్టి, "ఏడికి పోయినవ్‌రా ఇన్ని దినాలు?" అని పెద్ద కొడుకుని గట్టిగా తిట్టింది. ఆ మాట నేను అన్నకి తెలుగులో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

అలాంటి మనిషి పక్కన ఇన్నేళ్లు దుకాణం పెట్టుకున్నందుకు గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

కొత్త ప్రింటు ఫ్రేములో పెట్టాక, తల్లి దండ పట్టుకుని వేయలేక చిన్న కొడుకు వైపు చూసింది. వాడే అందుకున్నాడు. కళ్లు మూసుకుని వేశాడు. అన్న మెడలో కెమెరా ఉంది. దానికి మూత పెట్టేసి, ఆ తల్లి కూచోవడానికి స్టూలు జరిపాడు.