నాగావళిలో నిలబడిపోయిన పిల్ల కోసం ఎస్.కోట ప్రయాణం

విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో నడుస్తున్న జముకుల కథని, జముకు మీటుతూ పాడే కథని, మధ్యలో తుంచేశారు. తుంచినవాడు ఈవెంట్ మేనేజరు. తుంచమని ముందు వరస సోఫాలోంచి సైగ చేసినవాడు ఆ సభకి డబ్బు పెట్టిన రియల్ ఎస్టేటు పెద్దమనిషి. వేదిక మీద ‘జానపద వైభవం’ అని మనిషెత్తు అక్షరాలతో బ్యానరు. దాని కింద గజ్జెలు కట్టుకుని కథ చెబుతున్న అరవయ్యేళ్ల మనిషి నోటి ముందు నుంచి మైకు లాగేసి, ‘థాంక్యూ అమ్మా, టైమైపోయింది’ అన్నాడు మేనేజరు. ఆవిడ నోరు కాసేపు అలాగే తెరిచి ఉండిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. నా గొంతు ఆ చప్పట్లలో కలిసిపోయింది.

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చింది తొందరగా పోదు. కళని సరుకు చేసే దళారుల గురించి నేను చదివిన కరపత్రాలన్నీ ఆ రాత్రి గుర్తొచ్చాయి. తెల్లారేసరికి నేనే ఒకటి రాసి జెరాక్సు తీయించాను. దాన్ని ఎక్కడ పంచాలో తెలియక వారం రోజులు సంచిలో మోశాను.

ఆ వారం చివర్లో లావణ్య పాట వినడానికి వెళ్లాను. లావణ్య విజయనగరంలోనే బీయస్సీ చదువుకుని, గిటారు పట్టుకుని మన యాసలో సొంత పాటలు కట్టుకునే అమ్మాయి. విజయనగరం కోటకి కొంచెం దూరంలో ఒక టీ దుకాణం మేడ మీద శనివారాలు పాడుతుంది. నూట యాభై టిక్కెట్టు, అందులోనే ఫిల్టరు కాఫీ. ఆరింటికి అంటే ఆరింటికే మొదలు. ప్లాస్టిక్ కుర్చీలు ముప్పైకి మించవు కాబట్టి అరగంట ముందే వెళ్లండి. చీపురుపల్లి ప్యాసింజరు మీద ఒక పాట పాడింది, మా ఊరి సంత మీద ఇంకోటి. మన బతుకు మన మాటలో వినపడితే ఒళ్లు ఎలా జలదరిస్తుందో ఆ మేడ మీద కూర్చుంటే తెలుస్తుంది.

పాటలయ్యాక దగ్గరకి వెళ్లి ఆ హాలు సంగతి ఎత్తాను. ఆవిడ ముఖం మారింది. ఆ రోజు జముకుల కథ తర్వాతి అంశం లావణ్యదే.

“నాకు వన్స్‌మోర్లు కూడా పడ్డాయండి. ఇంటికెళ్తే అన్నం దిగలేదు,” అంది. “ఆ కథ చెప్పినవాళ్లది ఎస్.కోట అవతల ఊరు. రేపు వెళ్దామా? ఒక్కదాన్నే వెళ్లడానికి మొహం చెల్లట్లేదు.”

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి ఆర్టీసీ కాంప్లెక్సులో కలిశాం. అక్కడి నుంచి శృంగవరపుకోటకి, అదే ఎస్.కోటకి, బస్సులు తరచుగానే ఉంటాయి. గంట, గంటంపావు ప్రయాణం. ఎక్కేటప్పుడు కుడివైపు, ఎడమవైపు అని చూసుకోకండి. తలుపు దగ్గర సీటు దొరికితే కూర్చోండి, గాలి వస్తుంది. నూర్పులైపోయిన మళ్లల్లో గడ్డివాములు, దూరంగా నీలంగా కొండలు. ఎస్.కోటలో దిగి బస్టాండు ఎదురుగా రెండేసి ఇడ్లీలు తిన్నాం. అక్కడి నుంచి ఊళ్లోకి బస్సు లేదు, షేరు ఆటోయే. మనిషికి ముప్పై. ఊరి పేరు ఇక్కడ రాయను, ఈవెంట్లవాళ్లు కూడా బ్లాగులు చదువుతారు.

ఆటో నడిపే రమణ మేం ఎవరింటికో వినగానే వెనక్కి తిరిగి చూశాడు.

“అప్పలనర్సమ్మ పిన్ని కాడికా? ఏటి పని?”

“కథ విందామని.”

“అయితే దండగ పెట్రోలు. ఆవిడ సెప్పడం మానీసినాది.”

“ఎందుకు?”

“పట్నంలో ఏటో అయ్యిందట. మంగలారం మా అమ్మోరి పండగ. ఎప్పుడూ ఆవిడే సెప్తాది. ఈపాలి రానని కూకుంది. కమిటీవోల్లు ఇయ్యాల ఎస్.కోట ఎల్లి డీజే డబ్బాలకి బయానా ఇచ్చెస్తారు.” అని గేరు మార్చి, “మాకేటిలే, డబ్బాలైతే కుర్రోల్లు ఎగురుతారు. గానీ అమ్మోరు ఎగురుతాదా అని మాయమ్మ ఏడుస్తంది,” అన్నాడు.

లావణ్య నావైపు చూసింది. నేను సంచిలో కరపత్రాలు తడుముకున్నాను.

అప్పలనర్సమ్మ వాకిట్లో చాట ముందేసుకుని చోళ్లు చెరుగుతోంది. అవి రాగులు, మా వైపు చోళ్లంటాం. ఆవిడ మరిది సన్యాసి గోడకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. జముకు వాయించేది ఆయనే. చిన్న కుండంత ఇత్తడి బుర్ర, దానికి ఒకవైపు తోలు, తోలు నడుమ నుంచి నరం తీగ. బుర్రని చంకలో ఇరికించుకుని తీగ మీటితే కడుపులో మోగినట్టుంటుంది. అది ఇప్పుడు దూలానికి వేలాడుతోంది, బట్ట కప్పి.

నేను నమస్కారం పెట్టి, ఆ రోజు జరిగిన అన్యాయం గురించి రెండు ముక్కలు గట్టిగానే మాట్లాడి, కరపత్రం చేతికిచ్చాను.

ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పింది. “ఇదేటి బాబూ, తిట్లా?”

“ఆ మేనేజరు మీదమ్మా. ఆ సభలు బహిష్కరించాలని.”

“తిట్టు. బాగానే తిట్టీ ఉంటావు. గానీ నా పిల్ల ఏట్లోనే ఉండిపోనాది గదా. దానికేటి సేస్తావు?”

కథలో పిల్ల గురించి అంటోందని నాకు వెంటనే తట్టలేదు. సన్యాసి బీడీ ఆర్పి గుర్తుచేశాడు. ఆ రోజు చెప్పిన కథలో ఒక పిల్ల పుట్టింటి నుంచి వర్షాకాలంలో నాగావళి దాటుతుంది. మైకు లాగేసింది ఆ పిల్ల ఏట్లో దిగినప్పుడు. వీళ్ల దళంలో కథ మొదలెడితే మంగళం పాడి ముగించాలి. ముగించకుండా ఇంకో కథకి గజ్జె కట్టకూడదు. ఎక్కడైనా తెగిపోతే, ఆ మొదలు విన్నవాళ్లు ఒక్కరైనా ఎదురుగా కూర్చుంటేనే మిగతాది చెప్పాలి. సగం విన్న చెవికే మిగతా సగం బాకీ.

“ఆల్లంతా పట్నపోల్లు. ఎవుల్ని పట్టుకురాను?” అంది అప్పలనర్సమ్మ. “రేత్రి కళ్లు మూస్తే సాలు, ఆ గుంట, నా పిల్ల, నీల్లల్లో నిలబడి నాకేసే సూస్తాది.”

“అమ్మా, మేమిద్దరం ఆ రోజు హాల్లోనే ఉన్నాం,” అంది లావణ్య.

చోళ్లు చెరగడం ఆగిపోయింది. “ముందు నుంచీ ఉన్నారా?”

“మొదటి దండకం నుంచీ,” అన్నాను.

ఆవిడ చోళ్లు కింద పోసేసింది. “ఒరే సన్నాసీ, ఆ జముకు దించు. ఒసే గౌరీ, నీల్లు తోడు, తానం సెయ్యాల.” గౌరి ఆవిడ కోడలు, కథలో వంత పాడేది. ఆ ఇంటికి ఒక్క నిమిషంలో ప్రాణం వచ్చింది. ముందు మాకు చోడి అంబలి, ఉల్లిపాయ, వేయించిన ఎండునెత్తళ్ల చేపలు పెట్టారు. ఎంతివ్వాలని అడగబోయి లావణ్య మోచేతి పోటు తిన్నాను.

రెండున్నరకి గజ్జెలు కట్టింది. అప్పుడు మొదలైంది పేచీ.

“పిల్ల పడవెక్కీసిన కాడ ఆపినాం,” అన్నాడు సన్యాసి.

“ఎక్కలేదు. పడవోడు రానన్నాడు. నడిసే దిగింది.”

“ఎక్కింది వొదినా. నాను జముకు దరువు మార్సినాను.”

“నువ్వు దరువు మార్సినావు, నాను మాట మార్సలేదు. నీ దరువు ఎప్పుడూ నా మాటకి ఎనకే గదా.”

“ముప్పై ఏల్ల నుంచి ఇదే సెప్తావు.”

“ముప్పై ఏల్ల నుంచి అలగే వాయిస్తన్నావు.”

ఎక్కడ తెగిందో అక్కడే ముడి వేయాలి, తప్పు చోట ఎత్తుకుంటే ముగించినట్టు కాదట. ఇద్దరూ నావైపు తిరిగారు. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది, నేను కుర్చీలోంచి లేచింది ఆ మాట మీదే. “పడవవాడు వెళ్లిపోయాడు. పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుంది. నీళ్లు మోకాళ్లకొచ్చాయి. అక్కడే లాగేశాడు,” అన్నాను. సన్యాసి తీగ బిగించాడు.

“మోకాల్లోతు నీరమ్మ, ముందుకే పోవాలి,” అని ఎత్తుకుంది అప్పలనర్సమ్మ. గౌరి తందాన పలికింది. మైకు లేదు, లైట్లు లేవు. ఆవిడ ఒక్కర్తే పిల్లయింది, ఏరయింది, ఒడ్డున నవ్వే పడవవాడయింది. గట్టు వైపు చూసి పుట్టింటిని పిలిచినప్పుడు పక్కిళ్ల గోడల అవతల ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. వాకిలి నిండింది. నీళ్లు నడుముకొచ్చాయి, పిల్ల నెత్తి మీద సారె బుట్ట.

అప్పుడు బైకు మీద కమిటీ మనిషి వచ్చాడు. ముసలయ్య అని, తెల్ల చొక్కా. ఇంజను ఆపకుండానే, “అత్తా, ఎస్.కోట ఎల్తన్నాను. డబ్బాలకి ఇచ్చెస్తన్నాం. మల్లీ మాట అనకు,” అని అరిచాడు. కథ మీద ఇంజను మోత.

 హాల్లో జరిగిందే ఇక్కడా జరుగుతోంది. సంచి పట్టుకుని లేవబోయాను. సగం లేచాను కూడా. అప్పలనర్సమ్మ గజ్జె ఆపలేదు, గొంతు తగ్గించలేదు. అదే రాగంలో, అదే దరువు మీద నావైపు చేయి చాపి పాడింది:

“కూకో కూకో బాబూ, నువ్ లేత్తే కథ తెగుతాది. పిల్ల ఒడ్డెక్కలేదు.”

గౌరి దానికీ తందాన అంది. గోడల అవతల ఆడవాళ్లు నవ్వారు. లావణ్య నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది. ఈసారి కథ తెంపేవాడిని నేనే అయ్యేవాడిని. కూర్చున్నాను. అరవడం కన్నా కూర్చోవడం ఇంత కష్టమని నాకు ముందు తెలియదు. పళ్లు బిగించి ఆ ఇంజను మోతలోనే చెవులు రిక్కించాను.

నీళ్లు మెడకొచ్చాయి. పిల్ల సారె బుట్టలోంచి ఒక్కొక్కటే ఏటికిచ్చేస్తోంది. పసుపు, గాజులు, అమ్మ కట్టిచ్చిన అరిసెలు. ఇంకేం మిగల్లేదు. అప్పుడు పాట ఆపి, మామూలు మాటలో, “ఇంకేటి కావాలే నీకు?” అని ఏటిని అడిగింది. జముకు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క బైకే వినపడింది. ముసలయ్య చుట్టూ చూశాడు. తాళంచెవి తిప్పాడు. మోత ఆగింది. స్టాండు వేసి, చెప్పులు విడిచి, మా వెనక చతికిలబడ్డాడు.

దీపాల వేళకి ముందే పిల్ల ఒడ్డెక్కింది. మంగళానికి లావణ్య కూడా గౌరితో వంత కలిపింది, ఎవరూ అడక్కుండానే. హారతి ఇచ్చి, కొబ్బరికాయ కొట్టి, అప్పలనర్సమ్మ ముందు మా ఇద్దరి చేతుల్లో ముక్కలు పెట్టింది. “ఇయ్యాల పడుకుంటాను,” అంది. లావణ్య గడ్డం పట్టుకుని, “నీ పాట ఆ రోజు తెర ఎనక ఇన్నాను. బాగున్నాది. గానీ తొందరెక్కువ. ఎవులు తరుముతన్నారు నిన్ను?” అని అడిగింది. లావణ్య నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

ముసలయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. “మంగలారం నాలుగింటికి మొదలెట్టీ అత్తా. డబ్బాలు వద్దులే.”

“ఒక మైకెట్టు. కొసనున్నోల్లకి ఇనపడాల గదా.”

“మైకంటే మీకు ఇక పడదనుకున్నాను,” అన్నాను నేను.

“మైకేటి సేసింది బాబూ? లాగినోడి సెయ్యి గదా.”

నా కరపత్రాలు అక్కడే వదిలేశాను. మేం బయల్దేరేసరికి గౌరి వాటిలో పల్లీలు పొట్లాలు కట్టి మాకిచ్చింది. తిరుగు ఆటోలో లావణ్యా నేనూ ఆ పల్లీలు తింటూ కూర్చున్నాం. రమణ దారంతా ఆ పిల్ల ఏం చేసిందో మళ్లీ చెప్పించుకున్నాడు, పనిలో ఉండి వినలేకపోయానని.

కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ మేనేజరు ఇంకో హాల్లో ఇంకో నోటి ముందు నుంచి మైకు లాగుతూనే ఉంటాడు, నేను రాస్తూనే ఉంటాను. అయితే కళాకారులని కాపాడాలని నేను చదివిన కాగితాల్లో, వాళ్లకి కావలసింది కొన్నిసార్లు చివరిదాకా కూర్చునే ఒక్క మనిషే అని ఎక్కడా లేదు. నన్ను తిట్టకుండా, పంపించేయకుండా, పాటలో పెట్టి కూర్చోబెట్టిన ఆ అమ్మకి, తాళంచెవి తిప్పిన ముసలయ్యకి, వెంట తీసుకెళ్లిన లావణ్యకి రుణపడి ఉన్నాను. మంచి పాట కోసం మహానగరాలకి పోనక్కర్లేదు. గంట బస్సు, అరగంట ఆటో చాలు.

వెళ్లేవాళ్లకి ఒకే సలహా: తిరుగు బస్సు టైము చూసుకుని కథకి కూర్చోకండి. మంగళం ఎప్పుడైతే అప్పుడే లేవాలి, అందుకని ఎస్.కోటలో ఆటో నంబరు ముందే తీసుకుని ఉంచుకోండి. రాత్రి ఎనిమిది దాటితే విజయనగరం బస్సులు పలచబడతాయి.

మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఎస్.కోట బస్టాండులో, ఇడ్లీ కొట్టు ముందు నేనూ లావణ్యా నిలబడి ఉంటాం. రమణకి చెప్పాం, ఆటోలు నాలుగు వస్తాయి. కొత్త కథ, మొదటి మాట నుంచి. రండి.