పళ్ళ డాక్టర్ల ఈజూ ఆరూ

ఆయన్ని వీధి వీధంతా బోర్డు బాబాయ్ అనేవాళ్ళు. నలభై ఏళ్ళుగా దుకాణాలకి ఇంగ్లీషు బోర్డులు రాస్తున్నా, వాటి అర్థం జోలికి ఏనాడూ పోలేదు. కాగితం మీద ఏముంటే అది దించేసేవాడు. అరవై దాటాక ఒకరోజు, బడిలో ఇంగ్లీషు చెప్పే కోడలు మాటల్లో అంది: "ఏముంది మామయ్యా, 'ఐ' పక్కన ఆమ్, ఒక్కరైతే ఈజ్, ఎక్కువమందైతే ఆర్."

అంతే, బాబాయ్‌కి కాలు నిలవలేదు. నిచ్చెన భుజానేసుకుని తిన్నగా పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాడు. ఆ గుమ్మం మీద "డాక్టర్ ఈజ్ ఇన్" అని రాసింది తనే. ఈమధ్యే డాక్టరుకి పెళ్ళయింది. ఆవిడా పళ్ళ డాక్టరే, పక్క కుర్చీలోనే వైద్యం.

"ఇద్దరుండగా ఈజ్ ఏమిటండీ, నా పరువేం కావాలి!" అంటూ ఆ ముక్క చెరిపి, కొక్కెం కొట్టి, రెండు రేకులు చేసిచ్చాడు. ఒకదానిమీద ఈజ్, ఒకదానిమీద ఆర్. డాక్టర్ కాస్తా డాక్టర్స్ అయ్యేలా ఆర్‌కి ముందు ఎస్ అనే తోక కూడా. రోజూ తొమ్మిదింటికి వచ్చి, కిటికీలోంచి తలలు లెక్కపెట్టి, తనే రేకు మార్చేవాడు.

నాలుగు రోజుల్లో వీధికి కిటుకు తెలిసిపోయింది. ఆవిడ చెయ్యి మెత్తన. ఆర్ ఉంటే ఆవిడ ఉన్నట్టేనని జనం లోపలికి, ఈజ్ ఉంటే ఆయనొక్కడేనని బుగ్గ పట్టుకుని వెనక్కి. డాక్టరు మొహం మాడిపోయింది. "అంటే నేనొక్కణ్ణే ఉంటే మనిషిని కానా?" అన్నాడు. ఆవిడ కిసుక్కున నవ్వింది. ఇద్దరికీ మాటల్లేవు.

బాబాయ్ నిచ్చెన మీంచే కోడలికి ఫోన్ చేశాడు. "అమ్మాయీ, ఇద్దరూ ఉన్నారు, మాట్లాడుకోవట్లేదు. ఈజా, ఆరా?"

"అలకలు గ్రామర్‌కి పట్టవు మామయ్యా. ఆరే."

ఆర్ తగిలించాడు. డాక్టరొచ్చి, తనొక్కడే చాలన్నట్టు ఈజ్ పెట్టాడు. ఆవిడొచ్చి దాన్ని పీకి, ఆర్ పెట్టకుండా మళ్ళీ అదే ఈజ్ పెట్టింది, ఈసారి తన తరఫున! అప్పుడే దవడ వాచిన పోస్టాఫీసు పెద్దావిడ గోడ పట్టుకుని వచ్చింది. "మీరు తేల్చుకునేలోపు నేను పోయేలా ఉన్నాను. ఇద్దరూ రండి!" అని కసిరింది.

పన్ను మొండిది. ఆయన లాగాలి, ఆవిడ తల పట్టుకోవాలి. "ఇటు తిప్పు", "గట్టిగా లాగకండీ", "పట్టుకో", "వచ్చేసింది!" మాటలు వాటంతటవే కలిశాయి.

మర్నాడు బాబాయ్ ఎవర్నీ అడక్కుండా ఆర్‌ని చెరగని రంగుతో గోడకే రాసేశాడు. ఇక ఒక్కరే లోపలుంటే బోర్డు అబద్ధమవుతుంది కదా, తాళముంటే ఎవరూ చదవరు! ఆవిడ టైలరు దగ్గరికెళ్తే డాక్టరు తాళమేసి వెంట వెళ్తాడు. ఆయన సెలూన్లో జుట్టు కత్తిరించుకుంటుంటే ఆవిడ పక్కన కూర్చుని పత్రిక చదువుతుంది.