అమ్మ కనిపెట్టలేని పొట్లం

మా మేనత్త ఒక పెద్ద దుకాణంలో మెట్ల కింద కూర్చుని బహుమతులకు రంగు కాగితాలు చుట్టేది. పై అంతస్తుల్లో జనం ఏం కొన్నా సరే, అది ఎవరికైనా ఇవ్వడానికైతే ఆఖరికి అత్త బల్ల దగ్గరికి దిగి రావలసిందే. బల్ల మీద కత్తెర, టేపు, రిబ్బను చుట్టలు. వెనక గోడకు నిలువెత్తు కాగితం చుట్టలు.

పనిలో చేరేముందు ఆమెకు పెట్టెలకు చుట్టడం ఒక్కటే నేర్పారు. తీరా మొదటిరోజు మొదటి మనిషి తెచ్చింది ఫుట్‌బాల్. అత్త కాగితం కత్తిరించి ఇటు తిరిగేసరికి బంతి బల్ల దిగి చెప్పుల విభాగంలోకి వెళ్ళిపోయింది. అత్త వెనకే పరుగెత్తింది. అక్కడ కొత్త బూటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్న పెద్దమనిషి ఒకాయన, పాత అలవాటేమో, వెనకాముందూ చూడకుండా ఒక్క తన్ను తన్నాడు. బంతి దుప్పట్ల గుట్టకు తగిలి నేరుగా అత్త బల్ల దగ్గరికే తిరిగొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పెద్దమనిషి బూట్లు కూడా కొనుక్కున్నాడట.

అత్త మాత్రం చెమటలు కక్కుతోంది. “పెట్టెకైతే మూలలుంటాయి, పట్టుకోడానికి. దీనికేముంది, నా మొహం!” అని గొణుక్కుంటుంటే చిన్నప్పటి పని ఒకటి గుర్తొచ్చింది. మా తాతయ్యకు కిరాణా కొట్టుండేది. చిన్నప్పుడు అత్త బడి నుంచి రాగానే కొట్లో కూర్చుని పప్పులకీ పంచదారకీ పొట్లాలు కట్టేది. కాగితం మధ్యలో సరుకు, చుట్టూ అంచులు పైకి, మెడ దగ్గర ఒక మెలిక. బంతినీ అలాగే కాగితం మధ్యలో కూర్చోబెట్టింది. లంగా కుచ్చిళ్ళు పెట్టినట్టు ఒక్కో మడతా పైకి లాగి, నెత్తిన జుట్టుముడిలా బిగించి ఎర్ర రిబ్బను కట్టింది. బంతి కాస్తా పూలమొగ్గలా కూర్చుంది. ఆ రోజు నుంచి దుకాణంలో ఆమె పేరు పొట్లాలక్క. గ్లోబులు, కూజాలు, గొడుగులు, తంబురాలు, చక్రాల గుర్రాలు, చేతికి చిక్కని వస్తువన్నదల్లా ఆవిడకే పంపేవారు.

ఇంత పేరున్న మా అత్తకు ఇంట్లో ఒక శత్రువుంది. మా అమ్మ.

అమ్మ ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసేది. లోపల ఉన్నది బయటనుంచి చూడటమే ఆవిడ ఉద్యోగం. ఆ జబ్బు ఇంటికి కూడా వచ్చింది. ఎవరు ఏ బహుమతి ఇచ్చినా వెంటనే విప్పేది కాదు. కళ్ళు మూసుకుని, పైనుంచి రెండు చేతులతో తడిమి, నిదానంగా చెప్పేసేది. “అలారం గడియారం. కాళ్ళు రెండూ ఇత్తడివి.” విప్పి చూస్తే అవి నిజంగా ఇత్తడివే.

అత్త పక్కవాటాలోనే ఉండేది. ప్రతి ఏడూ అమ్మ పుట్టినరోజుకు ఒక వింత ఆకారాన్ని మోసుకొచ్చి అమ్మ ఒళ్ళో పెట్టేది. ప్రతి ఏడూ ఓడిపోయేది. ఆ పోటీకి అమ్మ పెట్టిన షరతులు కూడా ఉన్నాయి.

“పెట్టెలో పెట్టి తెస్తే దొంగాట. దూది, పాత గుడ్డలు కుక్కినా దొంగాట. ఉత్త కాగితం, అంతే,” అనేది అమ్మ.

“అంతేలే వదినా. కాగితంతోనే నీ పొగరు అణచకపోతే అడుగు,” అనేది అత్త.

ఒకసారి టీ కెటిల్ తెచ్చింది. మూత తిరగేసి పెట్టి, టీ వంచే కొమ్ము పక్కన కాగితంతో ఇంకో కొమ్ము అతికి, చూడ్డానికి మేకపిల్లలా చేసింది. అమ్మ రెండుసార్లు తడిమి, “కెటిల్. అయ్యో, మూత తలకిందులుగా పెట్టావు, పాపం,” అంది. అత్తకు ఆ ‘పాపం’ ఎక్కడో గుచ్చుకుంది. రాత్రి భోజనంలో కూడా తలుచుకుని తలుచుకుని నవ్వుతూనే ఉంది గానీ, ఆ మాట అత్తను వదలలేదని నాకు అర్థమైంది.

అమ్మకు యాభై నిండే సంవత్సరం వచ్చింది. ఒకరోజు ఇద్దరూ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, కింద వీధిలో ఎవరో అమ్మాయి సైకిలు మీద చేతులు వదిలేసి పోతోంది. అమ్మ తడిగుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“అమ్మాయ్, నీకు చెప్తే నవ్వుతావు. సైకిలు తొక్కేవాళ్ళని చూస్తే నాకు ఎంత కుళ్ళో! చిన్నప్పుడు అన్నదమ్ములు తొక్కేవారు, నేను వెనక కూర్చునేదాన్ని. నా చేతికి ఒక్కసారీ ఇవ్వలేదు.”

అత్త నవ్వలేదు. సాయంత్రమే నాన్ననీ నన్నూ తన వాటాలోకి లాక్కెళ్ళి తలుపేసింది.

“అన్నయ్యా, వదినకి సైకిలు కొంటున్నాం. నువ్వు నోరు మూసుకోవాలి.”

నాన్నకు అప్పుడే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఏదైనా దాచమంటే చాలు, ఆయనకు ఎక్కిళ్ళొస్తాయి. పెళ్ళైన కొత్తలో అమ్మకు తెలియకుండా సినిమాకు వెళ్ళొచ్చి, ఆ ఎక్కిళ్ళతోనే దొరికిపోయారట.

సైకిలు కొనడం తేలికే. చుట్టడమే అసలు కథ. ఉన్నదున్నట్టు చుడితే పసిపిల్లలు కూడా సైకిలనే అంటారు. అత్త సైకిలు షాపాయన దగ్గరికెళ్ళి, ముందు చక్రం ఊడదీయమంది, హ్యాండిల్ పక్కకు తిప్పమంది, సీటు కిందికి దించమంది.

“కొత్త బండిని విప్పమంటారేంటమ్మా? పెళ్ళికూతురికి గుండు గీయించినట్టు!” అని ఆయన గోలపెట్టాడు. ఎందుకో చెప్పేసరికి, “అయితే బిగించడానికి నేను కూడా వస్తా, ఆవిడ మొహం నేను చూడాలి,” అన్నాడు.

పుట్టినరోజు మధ్యాహ్నం దుకాణం వెనక గోదాములో అత్త, నేను, నాన్న నేల మీద కూర్చున్నాం. ఊడదీసిన చక్రాన్ని పరిచిన కాగితం మీద పెట్టి, చుట్టూ మడత మీద మడత వేసి, అంచులన్నీ ఇరుసు దగ్గర కలిపింది అత్త. దాన్ని తీసుకెళ్ళి చట్రానికి ఒక పక్కన, పైకి ఆనించి కట్టింది. పెడళ్ళు రెండూ కలిపి కింద పలకలా చుట్టింది. ఏం చేస్తోందో నాకు అంతు పట్టలేదు. అడిగితే, “నోర్మూసుకుని టేపు ఇవ్వు,” అంది. ఇంతలో గొలుసు నూనె ఓడి కాగితమంతా నల్లగా పాకింది. మొత్తం చింపి మళ్ళీ మొదలు. రెండోసారి నాన్న కాలు రిబ్బనులో చిక్కుకుంది. అత్త చూసుకోకుండా ముడేసేసింది. విడిపించుకునేసరికి నాన్న సాక్సు లోపలే ఉండిపోయింది.

సైకిలు షాపాయన తోపుడుబండి తెచ్చాడు. దాని మీద ఈ మెరుపుల బంగారు రంగు భూతాన్ని ఎక్కించుకుని బయలుదేరాం. వీధిలో మొదటి గుంత రాగానే లోపలనుంచి ‘ట్రింగ్’ మంది. బెల్లు! తీయడం మరిచిపోయాం. ముందు నడుస్తున్నవాళ్ళు సైకిలేమోనని పక్కకు తప్పుకుని, వెనక్కి చూసి నోళ్ళు తెరిచారు. రెండో గుంతకు ‘ట్రింగ్ ట్రింగ్’. ఒక ముసలావిడ, “ఏంటమ్మా అది, అరుస్తోంది?” అంది. 

“ఆకలేస్తోందండీ దానికి!” అన్నాడు సైకిలు షాపాయన. నాన్న ఎక్కిళ్ళు, బెల్లు మోత, అత్త నవ్వు. నేను నవ్వలేక కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాను. చివరికి అత్త కాగితానికి చిన్న గాటు పెట్టి, వేలు దూర్చి, బెల్లులో కాగితం ఉండ కుక్కి, మళ్ళీ అతికేసింది. అదీ కాగితమే కాబట్టి ఆటలో తప్పు లేదు.

అమ్మ డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంది. ముందుగదిలో సగం ఆ పొట్లమే నిండింది.

“ఈసారి ఏనుగుని తెచ్చావా ఆడపడుచా?” అంటూ కళ్ళు మూసుకుంది.

నాన్న ఎక్కిళ్ళు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తి చెంబెడు నీళ్ళు తాగారు. సైకిలు షాపాయన గుమ్మంలో రెంచి దాచుకుని నిలబడ్డాడు. అమ్మ చేతులు పైనుంచి పాకాయి. పక్కన చక్రం దగ్గర ఆగాయి. కిందికి దిగి పలక తడిమాయి. గొలుసు మీదుగా వేలు పోనిచ్చింది. అమ్మ కళ్ళు తెరిచి, బోలెడంత నమ్మకంతో చెప్పింది.

“కుట్టుమిషను. కాలితో తొక్కేది. ఇదిగో చక్రం, ఇది బెల్టు, ఇది కాళ్ళు పెట్టే పలక.”

అమ్మకు కుట్టుపనంటే గిట్టదు. గుండీ ఊడినా నాన్నే కుట్టుకునేవారు. అయినా మా మొహాలు చూసి, మనసు కష్టపెట్టకూడదని, “చాలా బాగుంది. నాకు… నాకెప్పట్నుంచో ఇష్టం,” అంది. ఆ అబద్ధానికి ఆమె మొహం చూడాలి!

“విప్పు వదినా,” అంది అత్త.

అమ్మ కాగితం చింపింది. ముందు నాన్న సాక్సు బయటపడింది. “ఇదేంటి?” అంది. తరవాత సీటు. తరవాత హ్యాండిల్. బెల్లులోంచి కాగితం ఉండ జారి కిందపడగానే, అమ్మ బొటనవేలు దానంతట అదే దాని మీదికి వెళ్ళింది. ట్రింగ్!

అమ్మ కేక పక్క వీధికి వినిపించి ఉంటుంది. అత్త కుర్చీ ఎక్కి, “ఓడిపోయావ్! వదినా, ఓడిపోయావ్!” అని గెంతింది. అమ్మకు ఆ మాటే చెవికెక్కలేదు. అత్తని కుర్చీ మీదినుంచి లాగి, కాగితాలతో సహా కావిలించుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. “నువ్వు గుర్తుపెట్టుకున్నావా అమ్మాయ్? డాబా మీద ఒక్కసారి అన్నానంతే!” అంటూనే ఉంది అమ్మ.

సైకిలు షాపాయన చక్రం బిగించాడు. ఆగమంటే అమ్మ ఆగితేగా! చీకటి పడకముందే వీధిలోకి తెచ్చింది. అత్త వెనక క్యారియర్ పట్టుకుంది, నాన్న పక్కన పరుగు. అమ్మ తొక్కడం వెంటనే పట్టేసింది. ఆపడం మాత్రం ఎవరూ చెప్పలేదు.

“బ్రేకు వదినా, బ్రేకు!”

“ఏదీ? ఎక్కడుందీ?”

నాన్న ముందుకు పరుగెత్తి, వీధి చివర చేతులు చాపి అడ్డంగా నిలబడ్డారు. సైకిలు దగ్గరికొచ్చేకొద్దీ మనసు మార్చుకుని పక్కకు దూకారు. ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన ఇసక గుట్టలోకి అమ్మ, సైకిలు, క్యారియర్ వదలని మా అత్త ముగ్గురూ కలిసి దూరారు.

మేం పరుగెత్తి చూసేసరికి ఇద్దరూ ఇసకలో కూర్చుని, ఒకరి నెత్తిన ఇసక ఒకరు దులుపుతూ పగలబడి నవ్వుతున్నారు. అత్త చెప్పు ఒకటి కనిపించలేదు.

“ఇంకోసారి,” అంది అమ్మ లేచి.

ఇప్పుడు అమ్మ ఆసుపత్రికి సైకిలు మీదే వెళ్తుంది. దారిలో దుకాణం పడుతుంది కాబట్టి అత్త వెనక కూర్చుంటుంది, చంకలో కాగితం చుట్టలు పెట్టుకుని. ఎదురుగా ఎవరూ లేకపోయినా అమ్మ బెల్లు కొడుతూనే ఉంటుంది. మలుపు దగ్గర అత్త, “నెమ్మది వదినా, నెమ్మది!” అని అరవడం మా గుమ్మం దాకా వినిపిస్తుంది.