తుపాకికి బొట్టు పెట్టిన బడి

1984 జూన్‌లో వరంగల్‌లోని ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా చేరాను. ఎయిడెడ్ అంటే జీతాలు ప్రభుత్వానివి, పెత్తనం యాజమాన్య కమిటీది. కమిటీ తరఫున సంతకాలు చేసే మనిషిని కరస్పాండెంట్ అంటారు. మా కరస్పాండెంట్ గారికి తొర్రూరు దగ్గర రైస్ మిల్లు ఉండేది. బడి నడపడం గురించి ఆయనకు తెలిసిందంతా ఆ మిల్లులో నేర్చుకున్నదే.

నేను చేరేనాటికే స్టాఫ్ రూమ్‌లో ఒక చర్చ ముదిరి ఉంది. బడిలో ఉపాధ్యాయుడి చేతికి తుపాకి ఇవ్వాలా, వద్దా? అది గాలిలోంచి పుట్టిన చర్చ కాదు. ఆ మార్చిలో పదో తరగతి పరీక్షలు జరుగుతుండగా, కిటికీలోంచి చిట్టీలు అందిస్తున్న ఒక బయటి యువకుడిని సోషల్ మాస్టర్ సమ్మయ్య పట్టుకోబోయాడు. వాడు చాకుతో సమ్మయ్య కుడిచెయ్యి కోసి పారిపోయాడు. కుట్లు మానాయి కాని రెండు వేళ్లు పూర్తిగా ముడుచుకునేవి కావు. సుద్దముక్కను బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి బోర్డు మీద రాసేవాడు. వరండాలో ఎవరైనా పరుగెత్తితే పాఠం ఆపి తలుపు వైపు చూసేవాడు. మళ్లీ మార్చి వస్తుంది, మళ్లీ ఇన్విజిలేషన్ డ్యూటీ పడుతుంది. వెళ్లకపోతే మెమో, వెళితే చాకు. ఆ మనిషి భయంలో నటన లేదు. దానికి మావాళ్లు కనిపెట్టిన మందే వెకిలిది.

జూలైలో జరిగిన స్టాఫ్ మీటింగుకు కరస్పాండెంట్ గారు స్వయంగా వచ్చారు.

“మా మిల్లు కాడ వాచ్‌మన్‌కు తుపాకి ఉన్నది. వడ్ల బస్తాకున్న ఇలువ పంతులుకు లేదా?” అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. తమను వడ్ల బస్తాతో పోల్చినందుకు చప్పట్లు కొట్టిన పట్టభద్రులను నేను అంతకుముందు చూడలేదు. తెలుగు పండితుడు లేచి, పురాణాల్లో గురువులు ఆయుధాలు పట్టినవారేనని గుర్తుచేశాడు. ఆ గురువుల శిష్యులు చివరికి ఏమయ్యారో కూడా అదే పురాణంలో ఉందని నేనన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

నేను కొన్ని మామూలు ప్రశ్నలు అడిగాను. బోర్డు వైపు తిరిగి రాసేటప్పుడు తుపాకి ఎక్కడ ఉంటుంది? మూత్రానికి వెళ్లేటప్పుడు ఎవరి చేతికిస్తారు? అరవై మంది పిల్లలున్న హాలులో చిట్టీలు అందించేవాడిని కాలిస్తే గుండు వాడికే తగులుతుందని పూచీ ఎవరిది? సమ్మయ్య లేచాడు.

“సార్, మీరు రూముల కూసోని అడుగుతున్నరు. చాకు దిగింది నా చేతిల. జర ఆ హాల్ల ఒక్క పూట నిలబడుండ్రి, అప్పుడు అడుగుండ్రి ఈ ముచ్చట.”

రోడ్డు వైపు కిటికీలకు ఇనుప జాలీ వేయిద్దామని, పరీక్షల రోజుల్లో ఇద్దరు కానిస్టేబుళ్లను అడుగుదామని ప్రతిపాదించాను. “జాలీకి భయపడే కాలమా సార్ ఇది?” అని వెనకనుంచి ఎవరో అన్నారు. పెద్ద నవ్వు. సమ్మయ్యకు తుపాకి ఇవ్వాలన్న తీర్మానం నెగ్గింది. నా అసమ్మతిని మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం చేశాను.

ఇక్కడ ఆయుధ లైసెన్సు గురించి ఒక మాట చెప్పాలి. కొత్త లైసెన్సు కావాలంటే పోలీసు విచారణ జరగాలి, కలెక్టరు ఆమోదించాలి. ఉద్యోగి అయితే పై అధికారి అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆ కాగితం నేనివ్వనన్నాను. కాని లైసెన్సుదారుడు తన తుపాకిని తన తరఫున మోసే మనిషి పేరును లైసెన్సులో చేర్పించుకోవచ్చు. అతన్ని రిటైనర్ అంటారు. కరస్పాండెంట్ గారు తన పాత డబుల్ బ్యారెల్ తుపాకికి సమ్మయ్యను రిటైనర్‌గా చేర్పించారు. అలా బి.ఇడి. చదివిన మాస్టర్ కాగితాల మీద మిల్లు యజమానికి తుపాకి మోసేవాడయ్యాడు. దాన్నే గురువుకు జరిగిన గౌరవమని చెప్పుకున్నారు.

సెప్టెంబరులో తుపాకి వచ్చి, స్టాఫ్ రూమ్ బీరువాలో మ్యాపుల చుట్టల పక్కన చేరింది. నేను జిల్లా విద్యాశాఖకు రాశాను. “యాజమాన్యంతో సంప్రదించి తగు చర్య తీసుకోగలరు” అని జవాబు వచ్చింది. తగు చర్య అంటే ఏమిటో రాయకపోవడం ఆ శాఖలో అందరికీ వచ్చిన విద్య.

దసరా సెలవులు ఇచ్చే రోజు బడిలో ఆయుధపూజ చేయడం అక్కడి ఆనవాయితీ. గ్లోబు, సైన్సు గది త్రాసు, టైపు మిషన్, ఫుట్‌బాల్ పంపు, బెత్తాలు అన్నీ హాలులో బల్ల మీద పెట్టి పసుపు కుంకుమలు అద్దేవారు. ఆ ఏడు వాటి నడుమ తుపాకి పడుకుంది. నాకు పూజల మీద నమ్మకం లేదు. అటువైపు వెళ్లకుండా నా గదిలో కూర్చుని హాజరు పట్టీలు చూసుకుంటున్నాను.

తర్వాత హాలులో జరిగింది నలుగురు చెప్పగా రాసుకున్నాను. ఖాళీ తుపాకికి పూజ చేస్తే ఫలం ఉండదని, ప్రాణం లేని విగ్రహానికి చేసినట్టేనని పండితుడు అన్నాడు. సమ్మయ్య ఒక తూటా పెట్టాడు. అది పాతకాలపు తుపాకి. గొట్టాల వెనక ఘోడాలుంటాయి. ఘోడా వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కితే అది ముందుకు పడి తూటాను పేలుస్తుంది. ఘోడా ముక్కుకు బొట్టు పెట్టాలని పండితుడు దాన్ని వెనక్కి లాగి, అలాగే వదిలేశాడు. తర్వాత పసుపు దారం కట్టాలి. కట్టడానికి ట్రిగ్గర్ కన్నా అనువైన చోటు వాళ్లకు కనిపించలేదు. సమ్మయ్య ముడి వేశాడు. ముడుచుకోని వేళ్లతో ముడి బిగియలేదు. దారం కొసను పంటితో పట్టి లాగాడు.

చప్పుడుకు నా బల్ల మీది సిరాబుడ్డి కదిలింది. నేను వెళ్లేసరికి హాలంతా పొగ. ఆ ఒక్క తూటాలోని చిన్న గుండ్లు చాలావరకు తలుపు చట్రంలో దిగాయి. మూడు మాత్రం ప్రసాదం కోసం వరుసలో నిలబడ్డ ఎనిమిదో తరగతి రమ భుజంలోకి వెళ్లాయి. సమ్మయ్య తన ధోవతి చించి ఆ పిల్ల భుజానికి అదిమిపట్టి కూర్చున్నాడు. పండితుడు అక్కడ లేడు.

దవాఖానలో రెండు గుండ్లు తీశారు. మూడోది ఎముక దగ్గర ఉంది, తీస్తే చెయ్యి పడిపోతుందని వదిలేశారు. రమ తండ్రి కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. మగ్గం మీదినుంచి లేచి వచ్చినట్టున్నాడు, భుజం నిండా నూలు పీచే. నన్ను చూసి కేకలేమీ వేయలేదు.

“సారూ, పొల్లను బడికి తోలినం. షికారికి తోలలే” అన్నాడు.

వారం తర్వాత కమిటీ కూర్చుంది. ఇప్పటికైనా తుపాకి సంగతి మాట్లాడతారనుకున్నాను. ముహూర్తం సంగతి మాట్లాడారు. పూజలో లోపం జరిగింది తప్ప తుపాకిలో లోపం లేదని పండితుడు తేల్చాడు. ఒక సభ్యుడైతే రెండో ఉపాధ్యాయుడి దగ్గర కూడా తుపాకి ఉంటే మొదటివాడు జాగ్రత్తగా ఉండేవాడన్నాడు. ఈ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు.

డిప్యూటీ విద్యాధికారి విచారణకు వచ్చారు. రిటైనర్‌ను పెట్టింది యాజమాన్యం ఆస్తి కాపలాకే, తుపాకి పిల్లల మధ్యకు తెమ్మని తాను చెప్పలేదని కరస్పాండెంట్ గారు రాసిచ్చారు. తాను మంత్రం మాత్రమే చదివానని పండితుడు రాసిచ్చాడు. ఘోడా ఎవరు లాగారో నేను రాశాను. ఆ కాగితం ఫైలులో చేరింది, అంతే. సమ్మయ్యను ఉద్యోగం నుంచి తీసేశారు, కేసు కూడా పెట్టారు. చివరి రోజు నా గదికి వచ్చాడు.

“తుపాకి అడిగింది నేనే సార్. తూటా పెట్టింది నేనే. కాదంట లేను. గని అంతమందిల ఒక్కలు గూడ నా చెయ్యి పట్టి ఆపలే” అన్నాడు.

ఆ డిసెంబరులో కిటికీలకు జాలీ వేయించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. మార్చిలో ఇద్దరు కానిస్టేబుళ్లు గేటు దగ్గర నిలబడ్డారు. పరీక్షలు జరిగాయి. సమ్మయ్య డ్యూటీ వేరే మాస్టర్ చేశాడు.

విచారణలో అధికారి నన్ను ఒకే ప్రశ్న అడిగారు. హాలు మీ గదికి ఇరవై అడుగులు కూడా లేదు, మీరెందుకు వెళ్లలేదు? నేను పూజలకు వెళ్లనని చెప్పాను. ఆయన రాసుకున్నారు. అప్పుడది నాకు గట్టి జవాబనే అనిపించింది. తుపాకి బడిలోకి రాకూడదని వాదించినవాడిని, వచ్చాక దాని గొట్టాలు వంచి తెరిచి తూటా ఉందో లేదో చూడవలసినవాడిని కూడా నేనే. పని పూర్తయిందనుకుని మినిట్స్ పుస్తకంలో సంతకం దగ్గర ఆగిపోయాను. భయపడిన ఉపాధ్యాయుడి చేతిలో మావాళ్లు తుపాకి పెట్టారంటే అతని పక్కన నిలబడే శ్రమ తప్పించుకోవడానికే. నేనూ ఆ శ్రమ తప్పించుకున్నాను. నా పద్ధతి కాస్త శుభ్రంగా ఉంది, అంతే తేడా.